మిల్ట్రీ సారు తమ్ముడి చేను

బస్టాండులో దిగి మా ఇల్లెక్కడని అడిగితే, "మిల్ట్రీ సారు ఇంటి ఎనకది" అని చెప్పేవారు. మా ఆయన గురించి అడిగితే, "ఎవరు, మిల్ట్రీ సారు తమ్ముడా?" అనేవారు. నేను మిల్ట్రీ సారు మరదలిని. చివరికి మా ఎద్దుల్ని కూడా మిల్ట్రీ సారు తమ్ముని ఎద్దులు అనేవారు. వాటిని కోడెదూడలప్పటి నుంచి సాకింది మా ఆయన, రోజూ కుడితి పెట్టింది నేను. ఆ ఎద్దులకూ మిలిటరీకీ సంబంధమేంటో నాకు ఏనాడూ అర్థం కాలేదు.

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, చెడ్డవాడు కాదు. అది ముందే చెప్పేస్తున్నాను. చెడ్డవాడైతే నాకింత బాధ ఉండేది కాదు. నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేదాన్ని. మంచివాడి మీద కుళ్ళుకోవడమంత కష్టమైన పని ఇంకోటి లేదు. ఎవరితోనూ చెప్పుకోలేం, చెప్పుకుంటే మనకే చెడ్డపేరు.

మాది భద్రాచలం నుంచి దుమ్ముగూడెం పోయే దారిలో చిన్న ఊరు. దాన్ని పెద్ద పల్లె అనాలో చిన్న పట్నం అనాలో నాకిప్పటికీ తెలియదు. ఒక బస్టాండు, రెండు టీ హోటళ్ళు, ఫారెస్టు వాళ్ళ ఆఫీసు, వారానికొక సంత. ఊరు దాటితే ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి. అడవిలోంచి వచ్చి గోదావరిలో కలిసే వాగు ఒకటి ఉంది. ఆ వాగు ఒడ్డునే మా చేను. నేను పుట్టింది ఎర్రుపాలెం పక్కన. అక్కడి మాట కాస్త కోస్తా వైపు మొగ్గుతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో నేను "ఆయన వచ్చాడండీ" అంటే మా అత్త పక్కింటి వాళ్ళను పిలిచి మరీ వినిపించేది. "మళ్ళొక్కసారి అను బిడ్డా, ఎట్లంటవ్?" అని అడిగి నవ్వేది.

ఇంట్లో అప్పటికే పెద్దకోడలు ఉంది. వరసకు తోడికోడలు, పిలుపుకు అక్క. ఆమె మొగుడు సరిహద్దులో ఎక్కడో ఉండేవాడు, ఏడాదికోసారి సెలవు మీద వచ్చేవాడు. నేను వచ్చిన ఏడాదే యుద్ధం మొదలైంది. సాయంత్రమైతే ఊరంతా పంచాయతీ ఆఫీసు రేడియో దగ్గర చేరేది. మా అత్త దేవుడి ముందు దీపం ఆరనివ్వలేదు. అంతవరకూ నాకేమీ అభ్యంతరం లేదు. కానీ అన్నం ముందు అక్కకే వడ్డించాలి, పెరుగు మీది మీగడ అక్కకే, నీళ్ళు తోడే పని మాత్రం నాకు. "దాని మొగుడు యుద్ధంల ఉన్నడు, దాన్ని ఎవ్వలేమనొద్దు" అనేది అత్త. నా మొగుడు మోకాలి లోతు బురదలో ఉన్నాడు. ఆ సంగతి ఏ రేడియోలోనూ చెప్పలేదు.

యుద్ధం అయిపోయాక బావగారు సెలవు మీద వస్తే ఊరు ఊరంతా మా వాకిట్లోనే. ఆకుపచ్చ ట్రంకు పెట్టె తెరిచి ఒక్కొక్కటీ తీసి ఇస్తుంటే అందరూ మెడలు సాచి చూసేవారు. అక్కకు చీర, అత్తకు ఉన్ని శాలువా, తమ్ముడికి మిలిటరీ రగ్గు. నన్నూ మరిచిపోలేదు, ఒక వాసన సబ్బు ఇచ్చాడు. అందరూ "చూసినవా, మరదలికి గూడ తెచ్చిండు" అన్నారు. నేను ఆ సబ్బును ముఖానికి తాకించలేదు. బట్టలుతికి అరగదీశాను.

వాగు చేను సంగతి చెప్పాలి. మామగారు పోయేనాటికి అది చేను కాదు. వాగు పొంగినప్పుడల్లా తోసుకొచ్చిన గుండ్రాళ్ళు, ముళ్ళకంప, పాముల పుట్టలు. ఇంటికి తిండి పెట్టేది ఎగువనున్న ఎర్ర చెల్క, ఆ మెట్ట నేల ఒక్కటే. అన్న పట్టాళంలో చేరిన ఏడే మా ఆయన, ఇంకా మీసాలైనా సరిగా రాని వయసులో, ఆ రాళ్ళ మీద పడ్డాడు. నేను వచ్చాక ఇద్దరం పడ్డాం. పొద్దున్నే సద్ది మూట కట్టుకుని పోయేవాళ్ళం. ఆయన గడ్డపారతో రాయి పెకలిస్తే నేను నెత్తికెత్తుకుని పోయి వాగు అంచున పేర్చేదాన్ని. ఆ రాళ్ళతోనే వాగు నేలను కోసుకుపోకుండా కట్ట పోశాం. పెద్దకొడుకు కడుపులో ఉన్నప్పుడు పెద్ద రాళ్ళు మానేసి చిన్న రాళ్ళు ఏరాను. ఎండాకాలం గొర్లమంద పెట్టించేవాళ్ళం. కాపరులు మందను తోలుకొచ్చి చేలో పడుకోబెడితే ఆ పెంటతో నేలకు బలం వస్తుంది. ఏళ్ళ తరబడి అలా చేశాక ఒక తొలకరి నాడు మా ఆయన గుప్పెడు మట్టి తీసి నా చేతిలో పోశాడు.

"చూడు, ఎంత మెత్తగున్నదో" అన్నాడు.

పెళ్ళయ్యాక ఆయన తనంతట తాను నాకిచ్చిన మొదటి వస్తువు అదే అనుకుంటాను. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. అన్నం బాగుందని చెప్పాలన్నా ఇంకో ముద్ద పెట్టించుకుని ఊరుకునేవాడు.

అక్క ఆ చేనుకు వచ్చేది కాదు. మిలిటరీ వాడి పెళ్ళాం ఎండలో పనికి పోతే నలుగురూ ఏమనుకుంటారని అత్త పంపేది కాదు. మేము సందెవేళ మట్టి కొట్టుకుని ఇంటికొచ్చేసరికి అక్క తలదువ్వుకుని వాకిట్లో కూర్చుని ఉండేది. మేమిద్దరం వచ్చే దారి వైపే చూస్తూ ఉండేది. ఆమె చేతులు చూస్తే నాకు ఒళ్ళు మండేది. నా అరచేతుల్లో కాయలు, ఆమె చేతుల్లో గోరింటాకు.

బావగారు పట్టాళం వదిలి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు. యూనిఫాం మీదనే బస్సు దిగాడట. బస్టాండులో చూసినవాళ్ళు చూసినట్టు డప్పులు పిలిపించి, హోటలాయన దండ తెప్పించి, ఊరేగింపుగా తీసుకొచ్చారు. అక్క అప్పుడు పెరట్లో పిడకలు చరుస్తోంది. మొగుడు ఇక తిరిగి పోడన్న సంగతి ఆమె వాకిట్లో జనం నోట విన్నది. పేడ చేతులతో అలాగే నిలబడి, ఎవరో చెప్పిన దాన్ని ఇంకెవరినో అడిగి తెలుసుకుంది. నేను మాత్రం ఆయన మెడలో దండలు చూస్తూ నిలబడ్డాను. అన్నగారి ట్రంకు పెట్టెను మా ఆయన నెత్తిన పెట్టుకుని వెనకాల వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. పెట్టె మోస్తున్నందుకు ఇంత సంతోషమేమిటని నాకు మండిపోయింది.

రెండేళ్ళు తిరిగేసరికి ఆయన ఊరికి తలలో నాలుక అయిపోయాడు. ఎవరికి జ్వరమొచ్చినా భద్రాచలం దవాఖానాకు తోడు పోవాలంటే ఆయనే. అన్నదమ్ములు కొట్టుకుంటే ఆయనే. అడవిలోని గూడెం వాళ్ళకు ఆఫీసులో పనిబడితే ఆయనే. గొంతు పెంచి మాట్లాడేవాడు కాదు. కూలికి వచ్చిన ముసలిదాన్ని చూసినా కుర్చీలోంచి లేచి "రా అమ్మా" అనేవాడు. బడిలో జెండా ఎగరేయడానికి ఆయనే కావాలి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లకు పాలిష్ కొట్టుకుని పోయి సెల్యూట్ కొడితే పిల్లలంతా కళ్ళార్పకుండా చూసేవాళ్ళు. వాళ్ళలో నా పిల్లలు కూడా ఉండేవారు. ఇంటికొచ్చి "పెద్దనాయిన అట్ల నిలబడ్డడు, ఇట్ల నడిచిండు" అని చెబుతుంటే, "మీ నాయన రోజూ నిలబడుతూనే ఉన్నాడు, ఎవరైనా చూశారా?" అని కసిరేదాన్ని.

ఆయన చేనులోకి దిగాక ఇంకో తమాషా మొదలైంది. మిరపనారు నాటేటప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకు తాడు కట్టించేవాడు. ఒక్క మొక్క వంకర పోకూడదు. సాళ్ళన్నీ కవాతుకు నిలబెట్టినట్టే ఉండేవి. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూసేవారు. బస్సు డ్రైవరు కూడా వాగు మీద నెమ్మది చేసేవాడు. "ఏం చేనయ్యా, మిల్ట్రీ చేనంటే గిట్లుండాలె" అనేవారు. కాయ కూడా అలాగే కాసింది. ఖమ్మం మిర్చి యార్డుకు బస్తాలు తోలితే అక్కడి సేట్లు లేచి బావగారికి కుర్చీ వేశారట. ఈ సంగతి మా ఆయనే నాకు మురిసిపోతూ చెప్పాడు.

"మరి మీకు వేయలేదా కుర్చీ?" అన్నాను.

"నేను బస్తాల కాడున్న గదా" అన్నాడు.

సాళ్ళు ఆయనవి, సరే. ఆ నేల ఎవరిది? తాడు కట్టడానికి ఒక్క పూట పడుతుంది. రాళ్ళు తియ్యడానికి మాకు వయసంతా పట్టింది. ఇదంతా గొంతు దాకా వచ్చేది, మింగేసేదాన్ని. నాకు కావలసింది ఒక్కటే. ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, నలుగురిలో, ఈ చేను ఇతను చేసింది అని మా ఆయన వైపు చెయ్యి చూపించాలి. ఎవరూ చూపించరని తేలిపోయాక, చేనైనా మాకు కావాలనుకున్నాను. అది మా పేరున ఉంటే జనం నోరు దానంతట అదే తిరుగుతుందనిపించింది.

వేరుపడదామన్నది నేనే. పిల్లలు ఎదుగుతున్నారు, ఒక పొయ్యి చాలడం లేదు అని మా అత్త దగ్గర సణిగాను. అత్త మొదట ముక్కు చీదింది, తరవాత ఒప్పుకుంది. మా వైపు పంపకాలకు ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు రెండు వాటాలు పెట్టాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. చిన్నవాడు ఒకసారి నోరు తెరిచి అడిగాక ఇక దానికి తిరుగు లేదు, పెద్దవాడు కిక్కురుమనకూడదు. ఎవరు ఈ పద్ధతి పెట్టారో గానీ వాళ్ళ కడుపు చల్లగా ఉండాలని రోజూ దండం పెట్టుకున్నాను. ముందు కోరుకునేది మా ఆయనే కదా.

అప్పటి నుంచి ఆయనకు నూరిపోశాను. కలుపు తీస్తూ చెప్పాను, వడ్డిస్తూ చెప్పాను, ఎద్దులకు గడ్డి వేస్తుంటే పక్కన నిలబడి చెప్పాను. "వాగు చేను అనాలి. ఒక్క ముక్క. ఇంకేమీ మాట్లాడొద్దు, నేల చూపులు చూడొద్దు. వాగు చేను నాకు అనాలి." ఆయన "ఊఁ" అనేవాడు. నేనే కాదు, ఎవరు విన్నా ఆ ఊఁకొట్టడాన్ని ఒప్పుకోవడమే అనుకుంటారు.

ఆ రోజు పొద్దున వాకిట్లో నులకమంచాలు వేసి ఊరి పెద్దమనుషులు నలుగురు కూర్చున్నారు. అత్త గడప మీద కూర్చుంది. నేనూ అక్కా తలుపు చాటున ఉన్నాం. బావగారు లేచి నిలబడి చెప్పాడు.

"ఒక పాలు వాగు చేను. ఇంకో పాలు ఎర్ర చెల్క, ఎద్దులు, బండి. పంచుడు నాది, కోరుకునుడు నీది తమ్మీ. నీకు ఏది మంచిగనిపిస్తే అది."

వాగు చేను ముందు ఆ రెండో పాలు ఎందుకూ కొరగాదని కూర్చున్న అందరికీ తెలుసు. కావాలనే అలా పెట్టాడు. తమ్ముడు మంచి చేను తీసుకుంటాడని, తీసుకోవాలని పెట్టాడు. అది నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. తలుపు సందులోంచి మా ఆయన వైపు చూస్తూ, వాగు చేను నాకు అని పెదాలు కదిపాను.

మా ఆయన కాలి బొటనవేలితో నేల గీశాడు. తల ఎత్తలేదు.

"నాకు చెల్క చాలన్నా" అన్నాడు.

బావగారు ఒక అడుగు ముందుకేశాడు. ఏదో అనబోయి ఆగిపోయాడు. పద్ధతి ఆయన నోరు కట్టేసింది. పెద్దమనుషుల్లో ఒకాయన తొడ మీద చరుచుకుని, "అన్నకు తగ్గ తమ్ముడు" అన్నాడు. మిగతావాళ్ళు "అవ్, అవ్" అన్నారు. "ఆ మిల్ట్రీ సారు పెంపకం గసుంటిది" అని ఇంకొకాయన. మా ఆయన మంచి చేను వదులుకుంటే దానికీ పేరు అన్నకే పోయింది. నేను తలుపు చాటు నుంచి పెరట్లోకి నడిచాను. ఎవరైనా అడిగితే పొయ్యి మీద పప్పు మాడుతోందని చెప్పమని అక్కతో అన్నాను.

మధ్యాహ్నం ఆయన పెరట్లోకి వచ్చాక అడిగాను. ఏడుస్తూ అడిగాను, తిడుతూ అడిగాను.

"అన్న ఇన్నేండ్లు ఇల్లిడిసి ఉన్నడు. మంచుల పన్నడు, తూటాల నడుమ తిరిగిండు. నేను ఇంటికాడ అమ్మ చేతి బువ్వ తిన్న. వాగు చేను నేనడిగితే నాకు బాగనిపియ్యది."

"మరి నాకు? నాకు బాగనిపించాలా వద్దా?"

ఆయన ఎద్దులకు గడ్డి వేయడానికి పోయాడు. నేనొక మనిషినున్నానని, ఆ రాళ్ళు నేనూ మోశానని ఆయనకు ఆ వాకిట్లో గుర్తు రాలేదు. చాలా రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. కంచం ఠంగుమని పెట్టేదాన్ని. కూరలో ఉప్పు వేయడం మానేశాను. ఆయన ఉప్పడగకుండా తిని లేచేవాడు. అడిగి ఉంటే అరవడానికి ఒక వంక దొరికేది. అదీ దక్కనివ్వలేదు.

చెల్క ఎత్తు మీద ఉంటుంది. అక్కడ నిలబడితే వాగు చేను మొత్తం కనపడుతుంది. నా ఖర్మ కాకపోతే ఇంకేంటి. నేను ఎర్రదుమ్ములో జొన్న కలుపు తీస్తూ తలెత్తితే కింద నల్లటి నేల, దాని మీద పచ్చటి మిరప సాళ్ళు. అంతకంటే విడ్డూరం, అక్క చేనుకు రావడం మొదలుపెట్టింది. పంపకాలయ్యాక అత్త మాట సాగేది కాదు, అందుకని చీర ఎగదోపుకుని చేనులోకి దిగింది. మేం పోసిన కట్ట మీద చిక్కుడు పెట్టింది, బెండ పెట్టింది, వాగు వైపు గోంగూర చల్లింది. మూడో ఏటికి కాపు ఎంతంటే సంతకు పంపాక కూడా మిగిలేది. ఆ మిగిలింది తెచ్చి నా గుమ్మంలో పెట్టేది. "తిను చెల్లె, లేతగున్నయి" అనేది. నేను కట్టిన కట్ట మీద పండిన కూరగాయలు నాకే దానం. వండేదాన్ని గానీ ముద్ద దిగేది కాదు. పిల్లలు మాత్రం లొట్టలేసుకుని తినేవారు.

ఆమె చేతుల్లో గోరింటాకు పోయి కాయలు కాశాయి. అదీ నాకు గిట్టలేదు. కాయలైనా నావి అనుకుంటే అవీ తీసుకుందే అనిపించింది. మునుపు వాకిట్లో ఒక్కతే కూర్చునే మనిషి, ఇప్పుడు కట్ట మీద నడుస్తూ తనలో తాను ఏదో పాడుకునేది. చెల్క మీదికి వినపడేది.

తరవాత గోదావరికి ఆ పెద్ద వరద వచ్చింది. ఎనభై ఆరు వరద అంటే మా వైపు ఇప్పటికీ అందరికీ తెలుసు. గోదావరి ఎగదన్నితే వాగు వెనక్కి పొర్లింది, పై నుంచి అడవి నీళ్ళు తోసుకొచ్చాయి. ఊరంతా పిల్లాజెల్లాతో మెట్ట మీది బడిలో తలదాచుకున్నాం. నీళ్ళు తీశాక మా ఆయన చూసి రావడానికి పోయాడు. వచ్చి గోడకు చేరగిలబడి కూర్చున్నాడు.

"కట్ట తెగింది. వాగు చేనంత ఇసుక మేటేసింది. మన చెల్కకేం గాలె" అన్నాడు.

నాకు సంతోషమేసింది. దాచుకోవడమెందుకు, కడుపులో చల్లటి మజ్జిగ పోసినట్టుగా ఉంది. బావగారూ అక్కా బడి అరుగు మీద పక్కపక్కనే కూర్చుని ఉన్నారు, ఇద్దరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి. నేను వాళ్ళకు గ్లాసుల్లో టీ పోసి ఇస్తూ, చెల్క మాకు రావడమే మంచిదైందని మొదటిసారి అనుకున్నాను. ఆ సంతోషం నాకు గట్టిగా ఒక వారం కూడా ఉండలేదు.

ఒకరోజు పొద్దున్నే మా ఇంటి ముందు నుంచి జనం పోతున్నారు. పారలు, తట్టలు, ఎడ్లబండ్లు. హోటలాయన, బడి పంతుళ్ళు, సంతలో గాజులమ్మే ఆమె, గూడెం నుంచి ఆడా మగా. ఎక్కడికంటే, "మిల్ట్రీ సారు చేన్ల ఇసుక ఎత్తనీకి" అన్నారు. వాళ్ళలో సగం మంది ఇళ్ళే కూలి ఉన్నాయి. అవి వదిలేసి పోతున్నారు. ముందటేడు గాలివానకు మా ఇంటి కప్పు ఎగిరిపోతే చూడ్డానికి ఒక్కరొచ్చారా? చేను పోయినా ఆయన ముందరే ఊరు నిలబడుతుంది. నష్టం వచ్చినవాడి మీద కూడా కుళ్ళుకునే ఖర్మ నాకే పట్టింది. మా ఆయన అప్పటికే, తెల్లవారకముందే వెళ్ళిపోయాడట. నేను పోకపోతే బాగుండదని నేనూ పోయాను.

చేను గుర్తు పట్టలేకపోయాను. ఎండలో తెల్లగా మెరిసిపోతూ ఇసుక, మధ్యలో కొట్టుకొచ్చిన మొద్దులు. మా ఆయన మాత్రం తన ఇంట్లో తిరిగినట్టు తిరుగుతున్నాడు. కట్ట ఇక్కడుండేది, ఇక్కడ తవ్వొద్దు, అక్కడ ఇసుక లోతు తక్కువ అని చూపిస్తున్నాడు. ఆయన నోట అన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు. ఆడవాళ్ళ వరసలో అక్క అందరికంటే ముందుంది. చెమటకు చీర ఒంటికంటుకుపోయినా ఆగకుండా తట్ట మీద తట్ట మోస్తోంది.

"కట్ట పోయగానే చిక్కుడు పెడత చెల్లె" అన్నది నాతో, తట్ట నెత్తికెత్తుకుంటూ. "ఈసారి వాగు దిక్కు దోస గూడ పెడత. ఇసుక తగిలిన నేలల దోస మంచిగొస్తదట గద?"

"ఏమో" అన్నాను.

పొద్దెక్కాక ఒకచోట పార కింద నల్లటి మట్టి తగిలింది. మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని చేత్తో తీశాడు, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. బావగారు అటే చూస్తూ చేతిలోని పార పక్కన పెట్టాడు. అందరూ బెల్లం ముక్క నోట్లో వేసుకుని నీళ్ళు తాగుతున్నప్పుడు ఆయన మొద్దు మీదికెక్కాడు.

"ఒక్క మాట జెప్త, అందరు ఇనుండ్రి" అన్నాడు. "ఈ చేను మీరు మిల్ట్రీ చేనంటరు. గది తప్పు. ఇది నా తమ్ముడు చేసిన చేను. నేను పట్టాళంల ఉన్నప్పుడు వాడు, వాని పెండ్లాం రాయి రాయి ఏరి చేసిండ్రు. పంచిననాడు వాడు కోరుకుంటడనుకున్న, వాడు నాకిడిసిపెట్టిండు. నేను నోరు తెర్వలేక తిన్న. ఈ ఇసుకంత ఎత్తిచ్చి, కట్ట పోసి, మొదలెట్లుండెనో అట్ల జేసి వానికిస్త. చెల్క నేను తీసుకుంట. మీరే సాక్షి."

ఇసుక మేటేసిన నేలను మాకు అంటగట్టాడు అనుకుందామన్నా వీలు లేకుండా చెప్పాడు. ఇన్నేళ్ళు నేను ఏ మాట కోసం ఏడ్చానో ఆ మాటే, నలుగురిలో, నా పేరు కూడా కలిపి చెప్పాడు. మా ఆయన చేతిలో మట్టి పట్టుకునే "వద్దన్నా, వద్దన్నా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నేను జనం వైపు చూశాను. ఇప్పుడైనా మా ఆయన వైపు చూస్తారని చూశాను. ఒక్కరూ చూడలేదు. అందరి కళ్ళూ మొద్దు మీదనే. "ఎవరిస్తరు సారూ ఈ దినాల్ల!" అని పంతులు. "దేవుడు, దేవుడు" అని గాజులామె. గూడెం ముసలాయన ముందుకొచ్చి ఆయన చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. చేను మాకొచ్చింది, పేరు మళ్ళీ ఆయనకే వెళ్ళింది. నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియదు. ఒళ్ళంతా భగ్గుమంది. ఎవరితోనైనా ఈ మాట అనకపోతే తల పగిలిపోతుందనిపించి, పక్కనున్న అక్క వైపు తిరిగాను.

అక్క నెత్తి మీద నిండు తట్ట అలాగే ఉంది. దించడం కూడా మరిచిపోయింది. ఆమెకు తెలియదు. ఆయన ఆ మాట ఊరికి చెప్పాడు, ఇంట్లో చెప్పలేదు. గాజులామెకు ఎప్పుడు తెలిసిందో ఆమెకూ అప్పుడే తెలిసింది. కళ్ళు మొద్దు మీద లేవు. తెగిపోయిన కట్ట వైపు, ఇసుక కింద పడిపోయిన తన చిక్కుడు పందిరి గుంజల వైపు చూస్తోంది.

"అక్కా" అన్నాను.

ఆమె తట్ట దించింది. నా కాళ్ళ దగ్గర, కాస్త విసురుగానే పడేసింది. సగం ఇసుక ఒలికిపోయింది.

"ఇగ నీ చేనే గద. నువ్వే ఎత్తుకో" అన్నది.

కొంగు దులుపుకుని ఇంటి దారి పట్టింది. అంతమంది జనంలో ఎవరూ గమనించలేదు. బావగారు మాత్రం అటు చూసి, "మీ అందరికి బువ్వ వండనీకి పోతున్నట్టుంది" అన్నాడు. జనం ఆ తల్లిని కూడా మెచ్చుకున్నారు. నేను ఒక్కదాన్నే ఆ నడక గుర్తు పట్టాను. మేమిద్దరం తలుపు చాటున నిలబడిన నాడు నేను పెరట్లోకి నడిచింది అలాగే. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని ఏమనుకుంటుందో, రేపు నా గుమ్మం ముందు నుంచి ఎలా తల తిప్పుకుని పోతుందో, చెల్క మీద నిలబడి ఈ చేను వైపు ఎలా చూస్తుందో, అంతా నాకు తెలుసు. ఇన్నేళ్ళు నేను చేసిన పని ఇక నుంచి ఆమె చేస్తుంది. ఆ పని ఎంత కష్టమో ఆ ఊళ్ళో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఒలికిన ఇసుకను చేతులతో మళ్ళీ తట్టలోకి తోసి, నెత్తికెత్తుకుని పోయి వాగులో పోశాను.